మందుచీటిపై మరుసటి తేదీ

మా ఆలూరులో పసుపు పండించే ఒక పెద్దాయన ఉండేవారు. రక్తసంబంధం లేకపోయినా చిన్ననాటినుండి ఆయనను నేను కాకా అనే పిలిచేవాణ్ణి. కొన్నేళ్ళ క్రితం దసరా ముందర ఆయనకు గుండెపోటు వచ్చింది. హైదరాబాదు తీసుకొనిపోగా, అక్కడి వైద్యులు మూసుకొనిపోయిన రక్తనాళాన్ని తెరచి, స్టెంటు అమర్చి, ఐదు రకాల మాత్రలు వ్రాసి పంపించారు. ఊరు చేరిన మరునాడే కాకా ఆ మందుచీటి తెచ్చి నా చేతిలో పెట్టి చదవమన్నారు. చదివాను. ఏ మాత్ర పొద్దున, ఏ మాత్ర రాత్రి అన్నది చెప్పాను. చీటి అడుగున ‘రివ్యూ’ అని ఒక తేదీ వేసి ఉన్నది. “ఆ రోజున మళ్ళీ ఒకసారి రమ్మన్నారు కాకా” అన్నాను. అంతకు మించి నేనేమీ చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలిసినదీ లేదు.

మొదటిసారి వెళ్ళి వచ్చారు. రెండవ తేదీ పసుపు ఉడకబెట్టే రోజులలో పడింది. ఆర్మూరు ప్రాంతపు పసుపు రైతును ఆ రోజులలో ఊరు కదలమనడం, పెండ్లికొడుకును పందిట్లోనుండి లేచి రమ్మనడం వంటిదే. తవ్వకం కూలీలు దొరికిన రోజున దొరికినట్లు. ఉడకబెట్టిన కొమ్ము ఎండలో పడి ఉండగా మబ్బు పట్టిందంటే తొమ్మిది నెలల కష్టం మట్టిపాలు. కాకా వెళ్ళలేదు. ఒకనాడు కల్లం దగ్గర కనిపించినప్పుడు, గోలీలు వేసుకొంటున్నారా అని అడిగాను. “స్టెంటు ఏసిండ్రు గద బిడ్డా, ఇగ గోలీలెందుకు? తింటున్న, తిరుగుతున్న, నాకేమైంది?” అన్నారు. నిజమే, మనిషి నిక్షేపంగా కనిపించారు. నేను నవ్వి ఊరకున్నాను.

ఉగాదికి కొద్ది రోజుల ముందు తెల్లవారుజామున రెండవసారి నొప్పి వచ్చింది. నిజామాబాదు చేరకముందే ప్రాణం పోయింది. తరువాత గూట్లో చూస్తే రెండు నెలల మాత్రలు చించని పట్టీలలో అట్లాగే ఉన్నాయి. వాటి క్రింద నేను చదివిన చీటి.

మాత్రలు మానడమే ఆయన మరణానికి కారణమని నేను నిర్ధారించి చెప్పలేను. నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అయితే ఆనాడు కల్లం దగ్గర నవ్వి ఊరకుండడానికి బదులు ఏమి చెప్పి ఉండవలసిందో తరువాత తెలిసినవారిని అడిగి, చదివి కొంత తెలుసుకొన్నాను. మన కళాశాల విద్యార్థులలో చాలామంది తమ ఇంట్లో ఇంగ్లీషు చీటి చదవగలిగిన మొదటి తరంవారు కనుక ఆ తెలిసిన కొంత ఇక్కడ వ్రాస్తున్నాను.

మందు అన్న మాటకు మన అనుభవంలో ఒక గడువు ఉన్నది. పసరు మందు మూడు రోజులు. నాటు వైద్యుడిచ్చిన చూర్ణం ఒక మండలం, అనగా నలభై రోజులు. టైఫాయిడ్‌కు ఇన్ని రోజులు, క్షయకు ఆరు నెలలు. ఆ గడువు నాళ్ళు తెలుగువారు పథ్యం చేస్తారు. మా ఇళ్ళలో దానిని పరహేజ్ అంటారు. గడువు తీరగానే పథ్యం విడిచి, కోడికూర వండుకొని, రోగం పోయిందనుకొంటారు. ఇది మూఢత్వం ఎంతమాత్రమూ కాదు. తరతరాల అనుభవంనుండి వచ్చిన లెక్క. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, హృద్రోగం ఈ లెక్కకు లొంగని జబ్బు. కాకా స్టెంటును ‘ఆపరేషన్’ అనుకొన్నారు. ఆపరేషన్ అయిన పిమ్మట కుట్లు ఎండేవరకే కదా మందులు!

స్టెంటు చేసే పని ఏమిటో ఒకసారి చూద్దాం. గుండె కండరానికి రక్తాన్ని తెచ్చే ధమనుల గోడలలో ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకొంటుంది. ఏదో ఒకనాడు ఆ పేరుకొన్న చోట పైపొర చిట్లుతుంది. శరీరం దానిని గాయమనుకొని అక్కడ రక్తాన్ని గడ్డ కట్టిస్తుంది. ఆ గడ్డ నాళాన్ని మూసివేస్తే, దాని ఆవలి కండరం రక్తం అందక చనిపోవడం మొదలవుతుంది. గుండెపోటు అంటే ఇదే. వైద్యుడు ఆ ఒక్కచోట దారి తెరచి, మళ్ళీ మూసుకొనకుండా సన్నని లోహపు జాలీ గొట్టాన్ని నిలుపుతాడు. ప్రాణం దక్కుతుంది. కానీ కొవ్వు ఆ ఒక్కచోటనే పేరలేదు. శ్రీరాంసాగర్ కాలువలో ఒక తూము దగ్గర పూడిక తీసినంత మాత్రాన కాలువ అంతటా పూడిక పోయినట్లు కాదని మన రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ఈ పోలిక నాకు ఆనాడు తోచి ఉంటే కాకాకు ఒక్క మాటలో అర్థమై ఉండేది.

గుండెపోటు తరువాత వ్రాసే మాత్రలు సాధారణంగా నాలుగు జాతులకు చెందినవి. మొదటిది రక్తపు గడ్డ కట్టనీయనిది: ఆస్పిరిన్, దానితోపాటు క్లోపిడోగ్రెల్ వంటి మరొకటి. రెండవది కొవ్వును తగ్గించే స్టాటిన్. మూడవది గుండె వేగాన్ని, శ్రమను తగ్గించే బీటా బ్లాకర్. నాలుగవది రక్తపోటును తగ్గించి, దెబ్బతిన్న గుండె సాగిపోకుండా కాపాడే ఏ.సి.ఇ. ఇన్‌హిబిటర్. (ఈ నాలుగవ జాతికి మూలం బ్రెజిల్ దేశపు ఒక పాము విషంపై జరిగిన పరిశోధన. ఆ దారిలో పుట్టిన కాప్టోప్రిల్ 1981లో అమెరికాలో వాడుకకు వచ్చింది. పాము విషం గుండెకు మందైన ఈ కథను విజ్ఞానశాస్త్ర విద్యార్థులు విడిగా చదువుకోదగును.)

వీటిని మానితే ఏమవుతుంది? నాలుగూ ఒకే తీరున ప్రవర్తించవు. ఆస్పిరిన్ రక్తంలోని ప్లేట్‌లెట్లను, అవి బ్రతికినంతకాలమూ, పని చేయనీయదు. ప్లేట్‌లెట్ ఆయుష్షు ఏడు నుండి పది రోజులు. కనుక మాత్ర మానిన నాడు ఏమీ కాదు, మరునాడూ ఏమీ కాదు; వారం పది రోజులలో పాత ప్లేట్‌లెట్లు పోయి, కొత్తవి పూర్తి బలంతో సిద్ధమవుతాయి. స్టాటిన్ మానితే కొద్ది వారాలలో కొవ్వు మునుపటి మట్టానికి చేరుతుంది. మనిషికి ఏమీ తెలియదు. బీటా బ్లాకర్ మాత్రం అకస్మాత్తుగా మానితే గుండె ఒక్కసారిగా వేగం పుంజుకొని నొప్పి తిరగబెట్టవచ్చును; తగ్గించవలసి వస్తే వైద్యుడే మెల్లమెల్లగా తగ్గిస్తాడు. అన్నింటికన్న ప్రమాదకరమైనది, స్టెంటు వేసిన తొలి నెలలలో గడ్డ కట్టనీయని మాత్రలను మానడం. కొత్తగా అమర్చిన లోహంపై శరీరపు పొర ఇంకా పూర్తిగా కప్పుకొని ఉండదు. ఆ లోహంమీదనే గడ్డ కట్టి, తెరచిన నాళం మళ్ళీ మూసుకొనిపోవచ్చును. అందుకే ఆ రెండు మాత్రలను ఇన్ని నెలలపాటు ఎట్టి పరిస్థితిలోనూ మానవద్దని వైద్యులు గట్టిగా చెబుతారు. ఆ గట్టిగా చెప్పడం ఆసుపత్రినుండి విడుదలయ్యే రోజు హడావిడిలో, బిల్లు, కారు, సామాను నడుమ జరుగుతుంది. ఎవరి చెవిన పడిందో ఎవరికీ తెలియదు.

ఈ మాత్రల మేలు ఎంతటిది? 1988లో ప్రకటించిన ఐసిస్-2 అనే పరిశోధనలో పదహారు దేశాలలో గుండెపోటుతో వచ్చిన 17,187 మందిని పరిశీలించారు. నెల రోజులు ఆస్పిరిన్ ఇచ్చినవారిలో ఐదు వారాలలోపల గుండె, రక్తనాళాల కారణాన మరణించినవారు నూటికి తొమ్మిది మంది చిల్లర; ఇవ్వనివారిలో పన్నెండు మందికి దగ్గర. అణాల ధరకు దొరికే మాత్ర అది! 1994లో ప్రకటించిన, స్కాండినేవియా దేశాలలో 4,444 మంది హృద్రోగులపై జరిపిన మరొక పరిశోధనలో, ఐదేళ్ళకు పైగా స్టాటిన్ వాడినవారిలో మరణాలు సుమారు మూడవ వంతు తగ్గాయి. గమనించవలసిన మాట ‘ఐదేళ్ళకు పైగా’ అన్నది.

ఇంత మేలు చేసే మాత్రలను మనుషులు వాడుతున్నారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో వెలువరించిన నివేదిక ప్రకారం, సంపన్న దేశాలలోనే దీర్ఘవ్యాధి మందులను చెప్పిన ప్రకారం వాడేవారు సగటున నూటికి యాభై మంది. పేద దేశాలలో అంతకన్న తక్కువ. కేరళలో పుట్టి, బెంగుళూరులో వైద్యం చదివి, కెనడాలో స్థిరపడిన హృద్రోగ శాస్త్రజ్ఞుడు సలీం యూసుఫ్ నాయకత్వాన పదిహేడు దేశాలలో జరిగిన ప్యూర్ అధ్యయనపు ఫలితాలు 2011లో వచ్చాయి. గుండెపోటో పక్షవాతమో వచ్చినట్లు చెప్పినవారి ఇండ్లకు వెళ్ళి, ఏ మాత్రలు వాడుతున్నారని అడిగారు. అల్పాదాయ దేశాలలో నూటికి ఎనభై మంది ఈ నాలుగు జాతులలో ఒక్కటి కూడా వాడడం లేదు. ఆ అల్పాదాయ దేశాల వరుసలో మన భారతదేశమూ ఉన్నది.

ఇది పట్నాల జబ్బనీ, డబ్బున్నవారి జబ్బనీ మనలో ఒక నమ్మకం ఉండేది. తెలుగు నేలమీదనే అది వీగిపోయింది. గోదావరి జిల్లాల పల్లెలు నలభై ఐదింటిలో మరణాల కారణాలను ఇల్లిల్లూ అడిగి తెలుసుకొన్న ఒక అధ్యయనం 2006లో ప్రచురితమైంది. ఆ పల్లెలలో జరిగిన మరణాలలో నూటికి ముప్పై రెండు గుండె, రక్తనాళాల జబ్బుల వలన కలిగినవే. అంటువ్యాధుల వాటా పన్నెండు మాత్రమే. మన నిజామాబాదు పల్లెలు అందుకు భిన్నమనుకోవడానికి కారణమేమీ నాకు కనబడదు.

మరి ఎందుకు మానుతారు? డబ్బు లేక, అని వెంటనే అనాలనిపిస్తుంది. అది నిజమే, పూర్తి నిజం కాదు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైన తరువాత పేదవాడికి గుండె శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చింది. 2017లో కేంద్ర ప్రభుత్వం స్టెంటు ధరకు పరిమితి విధించింది. మందు పూత గల స్టెంటు ధర అప్పుడు 29,600 రూపాయలకు దిగింది. ఆరోగ్యశ్రీలో కొన్ని గుండె చికిత్సల తరువాత ఒక సంవత్సరంపాటు పరీక్షలు, మందులు కూడా ఇచ్చే ఏర్పాటు చేశారు. మంచి ఏర్పాటు. కానీ మన పల్లె మనసు దానినీ ఒక గడువుగానే అర్థం చేసుకొంటుంది: సర్కారు ఏడాది ఇచ్చింది కనుక జబ్బు ఏడాదిదే! అమెరికాలో 2011లో వెలువడిన ఒక పరిశోధనలో గుండెపోటు వచ్చిన 5,855 మందిలో సగానికి మాత్రలు పూర్తిగా ఉచితం చేసి చూశారు. వాడకం పెరిగింది, కాని నూటికి నాలుగు నుండి ఆరు పాళ్ళు మాత్రమే. ధర అడ్డు తొలగినా ఇంకేదో అడ్డు మిగిలి ఉన్నదన్న మాట.

ఆ అడ్డు నాకు తెలిసినంతలో ఇది: ఈ మాత్ర వేసుకొంటే ఏమీ తెలియదు. తలనొప్పి మాత్ర గంటలో తన పని చూపుతుంది. గుండె మాత్ర చేసే పని ‘ఏమీ జరగకుండా ఉండడం’. జరగనిదానిని ఎవరు చూడగలరు? పైగా దుష్ఫలితం మాత్రం కనబడుతుంది. ఏ.సి.ఇ. ఇన్‌హిబిటర్లు కొందరికి విడువని పొడి దగ్గు తెప్పిస్తాయి. రోగి ఏ మాత్ర వలన దగ్గు వస్తున్నదో తెలియక అన్నింటినీ మానివేస్తాడు. వైద్యునికి ఆ ఒక్క మాట చెబితే, దగ్గు రానీయని టెల్మిసార్టన్ వంటి మరొక మందుకు మార్చి ఉండేవాడు. గుండె బలహీనమైనవారికి నీరు తీసే లాసిక్స్ ఇస్తారు. మాటిమాటికి మూత్రానికి పోవలసి వస్తుంది. బస్సులో నిజామాబాదు వెళ్ళే రోజున, పెండ్లికి వెళ్ళే రోజున మన ఆడవాళ్ళు దానిని వేసుకోరు. ఎందుకో ఎవరికీ చెప్పరు. బస్టాండులలో ఆడవారికి సరైన మరుగు లేకపోవడం గుండెజబ్బుకు కారణమని ఏ వైద్యగ్రంథమూ వ్రాయదు, నేనైతే వ్రాస్తాను. ఆ మాత్రను ఆ రోజున ఏ వేళకు మార్చుకోవచ్చునో వైద్యుని అడిగితే చెబుతాడు. అడిగే చనువు ఉండాలి కదా. ఇంట్లో ఇద్దరికి మాత్రలు కావలసి, డబ్బు ఒకరికే ఉంటే, ఎవరి మాత్రలు ముందుగా నిలిచిపోతాయో బీడీలు చుట్టి సంసారం ఈదే తల్లులున్న మన విద్యార్థులకు నేను చెప్పనవసరం లేదు.

గల్ఫ్‌నుండి కొడుకు పంపిన మాత్రల సంగతి మరొకటి. మన ప్రాంతంలో ఇది ప్రతి వాడలోనూ ఉన్నదే. అక్కడి డబ్బాపై ప్లావిక్స్ అని ఉంటుంది. ఇక్కడి పట్టీపై క్లోపిలెట్ అని ఉంటుంది. రెండూ క్లోపిడోగ్రెలే. రెండు వేర్వేరు మందులనుకొని రెండూ మింగినా చిక్కే. ‘అక్కడిది మంచిది’ అని దాచుకొని, ఇక్కడిది మాని, పెట్టె వచ్చేవరకు ఎదురు చూసినా చిక్కే. పట్టీపై పెద్ద అక్షరాలలో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని దగ్గరనే సన్న అక్షరాలలో మందు అసలు పేరు ఉంటుంది. విద్యార్థులు చదవవలసినది ఆ సన్న అక్షరాలు.

రంజాన్ నెల సంగతి చెప్పక తప్పదు. ఇటీవలి సంవత్సరాలలో ఆ మాసం సరిగ్గా పసుపు కాలంలోనే వస్తున్నది. ఉపవాసమున్నవారు పగటి మాత్రను వదలివేయడమో, మూడు పూటలవీ ఇఫ్తార్ వేళ ఒకేసారి మింగడమో చూస్తున్నాము. రెండూ తగవు. ఖురాన్‌లో ఉపవాసాన్ని విధించిన చోటనే రోగికి మినహాయింపు కూడా ఉన్నది. అది ఎవరో తరువాత చేర్చిన సడలింపు కాదు. ఉపవాసం ఉండదగిన స్థితిలో ఉన్న హృద్రోగికి, రోజుకొకటో రెండో మాత్రలను సహరీకి, ఇఫ్తార్‌కు మార్చి ఇవ్వడం వైద్యునికి పెద్ద పని కాదు. నీరు తీసే మాత్ర వాడేవారికి, గుండె బాగా బలహీనపడినవారికి ఉపవాసమే తగకపోవచ్చును. ఈ మాట షాబాన్ నెలలోనే అడిగి తెలుసుకోవలసినది. రంజాన్ నెలవంక కనబడిన రాత్రి వైద్యుడు దొరకడు.

పసుపు ఊరివాళ్ళము కనుక పసుపును గురించి కూడా ఒక మాట. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుకు వచ్చిన తరువాత మన పంట గౌరవం మరింత పెరిగింది, సంతోషం. అయితే “పసుపు రక్తాన్ని పలచన చేస్తుంది, పాలలో కలిపి త్రాగితే ఆ మాత్రలెందుకు” అనే మాట మన వైపు వినబడుతున్నది. కూరలో వేసే పసుపుతో ఎవరికీ భయం లేదు. కానీ పసుపు సారాన్ని మాత్రలుగా చేసి అమ్మే వస్తువుల సంగతి వేరు. వార్ఫరిన్ అనే గడ్డ కట్టనీయని మందు వాడుతున్న ఒక రోగి అటువంటి పసుపు వస్తువు కూడా మొదలుపెట్టగా, రక్తం ప్రమాదకరమైనంతగా పలచబడినట్లు 2018లో న్యూజీలాండ్ ప్రభుత్వ ఔషధ విభాగం హెచ్చరించింది. అనగా పసుపు మాత్రకు బదులు కాదు సరికదా, కొన్నిచోట్ల దానితో కలిస్తే ముప్పు.

ఇక ‘రివ్యూ’ తేదీ. దీని అర్థం నాకు ఆనాడు తెలియదు కనుకనే “ఒకసారి రమ్మన్నారు” అని తేలికగా అన్నాను. బాగుంటే పోనక్కరలేదు, బాగులేకపోతే పోవాలి, అని మనమందరం అనుకొంటాము. వాస్తవానికి మొదటి చీటి వైద్యుని తుది తీర్పు కాదు, అది మొదలు మాత్రమే. బీటా బ్లాకర్ వంటివాటిని చిన్న మోతాదుతో మొదలుపెట్టి, నాడి, రక్తపోటు చూచుకొంటూ పెంచుతారు. స్టాటిన్ సరిపోయిందో లేదో ఒకటి నుండి మూడు నెలల తరువాత రక్తపరీక్ష చేస్తేగాని తెలియదు. ఏ.సి.ఇ. ఇన్‌హిబిటర్ మొదలుపెట్టిన తరువాత మూత్రపిండాలు, రక్తంలోని పొటాషియం ఎట్లున్నాయో చూడాలి. రెండు గడ్డ మాత్రలలో ఒకదానిని ఎప్పుడు ఆపాలో నిర్ణయించేదీ ఆ తేదీనే. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా చూశాను. కొందరు మొదటి చీటిని ప్లాస్టిక్ కాగితంలో భద్రంగా పెట్టి, నాలుగైదేళ్ళుగా మెడికల్ షాపులో అదే చూపించి అవే మాత్రలు తెచ్చుకొంటున్నారు. వారు తాము బహు క్రమశిక్షణ గలవారమనుకొంటారు. మానినవారికన్న మేలే; కాని ఆ చీటి వ్రాసిన నాటి మనిషి, నేటి మనిషి ఒకరు కారు.

తేదీనాడు పోలేకపోతే? పసుపు కల్లంలో ఉన్నది, కూలి పోతుంది, హైదరాబాదు రానుపోను ఒక రోజంతా పడుతుంది. ఇవన్నీ నిజమైన కారణాలే. కాని తేదీ తప్పితే మాత్రలు ఆపాలని ఎక్కడా లేదు. చాలామంది నెల మాత్రలు అయిపోయిన రోజే తమ చికిత్స కూడా అయిపోయినట్లు భావిస్తారు. తేదీని పది రోజులు ముందుకో వెనుకకో జరపమని ఆసుపత్రికి ఫోను చేయవచ్చును. రక్తపోటు, రక్తపరీక్షల వంటివి ఆర్మూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనో నిజామాబాదులోనో చేయించుకొని ఆ కాగితాలు దాచుకోవచ్చును. చీటి వ్రాయించుకొనే రోజుననే “జనవరినుండి మార్చి దాకా రాలేను, నాది పసుపు” అని చెప్పుకోవచ్చును. డాక్టరుకు పంచాంగం తెలియకపోవచ్చు. చెబితే ఎందుకు వినడు?

చీటిలోని గుర్తులు కూడా చెబుతాను. ఓ.డి. అంటే రోజుకొకసారి, బి.డి. అంటే రెండుసార్లు, హెచ్.ఎస్. అంటే పడుకొనేముందు. 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైనప్పుడు మాత్రమే. నాలుక క్రింద పెట్టుకొనే సార్బిట్రేట్ సాధారణంగా ఈ చివరి తెగకు చెందినది. దానిని కూర్చొని వేసుకోవాలి, ఎందుకంటే రక్తపోటు తగ్గి కళ్ళు తిరగవచ్చును. దానితో నొప్పి తగ్గిందని మిగిలినవి మానడమూ, తగ్గకపోయినా ఇంటివద్దనే కూర్చోవడమూ రెండూ పొరపాట్లు. తగ్గని నొప్పికి 108 వాహనమే మందు. ఏదైనా పూట మాత్ర మరచిపోతే, గుర్తు వచ్చినప్పుడు వేసుకోవచ్చును. తరువాతి పూట దగ్గరపడితే దానిని వదలివేయాలి. రెండు పూటలవి కలిపి వేసుకోరాదు.

హృద్రోగం ముసలివారిదే అనుకొని యువ పాఠకులు ఈ పుట తిప్పివేయకుందురు గాక. చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్ళ వాపుతో మొదలై గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం మన దేశంలో ఇంకా పోలేదు. అది వచ్చిన పిల్లలకు మూడు లేక నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజక్షన్, సంవత్సరాల తరబడి వేయించాలి. సూది నొప్పి, పిల్ల బడిలో చక్కగా ఆడుకొంటూ ఉంటుంది, పరీక్షలు వస్తాయి, ఒక సూది తప్పుతుంది. తప్పిన ప్రతి సూది జ్వరం తిరిగి రావడానికి తలుపు తెరచినట్లే, వచ్చిన ప్రతిసారీ కవాటం మరికొంత చెడుతుంది. చివరకు లోహపు కవాటం అమర్చవలసి వస్తే, జీవితాంతం వార్ఫరిన్ లేక అసిట్రోమ్, దానితోపాటు రక్తం ఎంత పలచగా ఉన్నదో చూచే ఐ.ఎన్.ఆర్. పరీక్ష. ఇక్కడ మాత్ర తక్కువైతే కవాటంపై గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. పరీక్ష తేదీ తప్పితే ఏ వైపు ఒరిగామో తెలిసే దారే లేదు. ఆకుకూరలు మానమని ఎవరూ చెప్పరు. ఒక వారం గంపెడు, మరొక వారం శూన్యం కాకుండా, ఒకే తీరుగా తినమంటారు. పెండ్లి ఈడు ఆడపిల్లలకు ఈ మాత్రల సంగతి అత్తవారికి తెలియనీయకూడదని తల్లిదండ్రులు మానిపించిన సందర్భాలు నేను విన్నాను. వాటిని గురించి వ్రాయడానికి నా కలం సాగదు. ఈ మందు వాడుతూ గర్భం ధరించేముందు వైద్యుని కలుసుకోవడం అత్యవసరమని మాత్రం చెప్పి వదలుతాను.

ఇంతకూ పని చేసినదేమిటి? మన దేశంలో పద్నాలుగు ఆసుపత్రులలో గుండెపోటు వచ్చిన 806 మందిపై జరిగిన స్ప్రెడ్ అనే అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. డాక్టర్లు కాని, శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు రోగిని ఆసుపత్రిలోనే కలిసి, తరువాత ఇంటికి వెళ్ళి, పటాలు చూపించి, డైరీ వ్రాయించి, మాత్రలను గురించి మాట్లాడారు. ఏడాది తరువాత మాత్రలు సరిగా వాడుతున్నవారు నూటికి తొంభై ఏడు; అట్లా ఎవరూ పలుకరించనివారిలో తొంభై రెండు. పొగ మానినవారిలో తేడా అంతకన్న చాలా పెద్దది. 2017 చివర రక్తపోటు అదుపు కొరకు దేశంలో ఐదు రాష్ట్రాలలో ఆరంభించిన కార్యక్రమంలో మన తెలంగాణ కూడా ఉన్నది. అందులోని కిటుకు చాలా సాదా: ప్రతి రోగికి ఒక కార్డు, నెలకు సరిపడే మాత్రలు, తేదీకి రానివారి పేర్ల జాబితా, ఆ జాబితా పట్టుకొని ఫోను చేసే ఒక మనిషి. మాత్రల సంఖ్య తగ్గించే ప్రయత్నమూ జరుగుతున్నది. మూడు మందులను ఒకే గోలీలో చేర్చి ఇచ్చిన ఒక ఐరోపా పరిశోధన 2022లో ప్రకటితమైంది. విడివిడిగా వాడినవారిలో నూటికి సుమారు పదమూడు మందికి మళ్ళీ ప్రమాదం రాగా, ఒకే గోలీవారిలో తొమ్మిదిన్నర మందికి మాత్రమే వచ్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అటువంటి గోలీని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ఒకే గోలీ మన ఊరి దుకాణానికి ఎప్పుడు వస్తుందో చూడాలి. జాబితా పట్టుకొని పలుకరించే మనిషి మాత్రం మన దగ్గర ఇప్పుడే ఉన్నాడు. అతడు ఈ కళాశాలలో రెండవ సంవత్సరం చదువుతున్నాడు. కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. ప్రతి ఏటా పంచే క్యాలెండరుతోపాటు ఒక అట్ట కూడా ముద్రించి విద్యార్థుల ఇండ్లకు పంపండి. ఒకవైపు తెలుగులో, మరొకవైపు ఉర్దూలో, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్ళు, మాత్ర అసలు పేరు వ్రాసుకొనే చోటు, ఎందుకు వేసుకొంటున్నామో ఒక్క మాట, మరుసటి తేదీ, ఫోను నంబరు. విద్యార్థి ఇంట్లో చీటి చూచి దానిని నింపుతాడు, తప్పుగా నింపితే ప్రమాదం కనుక మెడికల్ షాపు ఫార్మసిస్టుకో ప్రభుత్వ వైద్యునికో ఒకసారి చూపించి సరిచేయించుకొంటాడు. సంక్రాంతిలోగా అట్టలు సిద్ధమైతే పసుపు తవ్వకం జోరందుకోకముందే ఇండ్లకు చేరుతాయి. ఆలూరు వైపు అట్టలను నేనే తీసుకొని వెళతాను.